చిన్న పట్టీ

ఏప్రిల్. ఒంటిపూట బడి. కాట్రేనికోన హైస్కూలు.
ఎనిమిదో తరగతి బి సెక్షన్లో
నలభై ఒక్క చేతులు నాకోసం చొక్కాలు మడుచుకున్నాయి.

మా సెంటర్లో పిల్లల పట్టీ లేదు.
ఇండెంటు రాసి రెండేళ్ళు.
ఆ కాగితం అమలాపురం వెళ్ళి అక్కడే కాపురం పెట్టింది.
పెద్దోళ్ళ పట్టీయే తెచ్చాను.
అక్క ఓణీ చెల్లెలికి చుట్టినట్టు
ఒక్కో చేతికీ రెండేసి చుట్లు.

"బీపీ తాతలకి కదండీ మేడమ్?"
"ఎక్కువ నొక్కితే పేలిపోద్దేమోనండి!"
గది గదంతా నవ్వు.

పంతొమ్మిదో నంబరు, ఓలేటి లోహిత్.
లావుగా ఉండడు. అందుకే
వాడి కేసి ఎవరూ రెండోసారి చూసి ఉండరు.
నూట ముప్ఫై ఎనిమిది.
కింద తొంభై.

పరిగెత్తుకొచ్చావా? లేదండి.
భయమా? లేదండి.
వెళ్ళి ఒంటేలు పోసుకుని రా.
ఐదు నిమిషాలు కూర్చో. మాట్లాడకు.
కాళ్ళు నేలకి ఆనించు. అదిగో, కాలువ చూడు.

కాలువలు కట్టేసిన రోజులు.
అడుగున పాచి పట్టిన బురద, ఒక చెప్పు, ఒక కొంగ.
గోదారి వెనక్కి తగ్గినంత మేరా
సముద్రం చప్పుడు లేకుండా
భూమి కిందనుంచి నడిచొచ్చే రోజులు.

నూట ముప్ఫై ఆరు.
మళ్ళీ నూట ముప్ఫై ఎనిమిది.

పట్టీ పెద్దదైతే
తక్కువ చూపించి మోసం చేస్తుంది గానీ
ఎక్కువ చూపించదు.
ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.
పిల్లలింకా నవ్వుతున్నారు.

పొద్దున్నేం తిన్నావురా?
చద్దన్నం, మాగాయండి. రాత్రి మిగిలిన ఎండు మెత్తళ్ళు.
ఇంటర్వెల్లో?
ఐదు రూపాయల ప్యాకెట్టండి.
నీళ్ళు?
బోరువండి. ఉప్పగుంటాయి. అలవాటైపోయిందండి.
నిద్ర?
అక్కడ తల దించాడు.
"రాత్రి రెండు మూడుసార్లు లేస్తానండి.
కరెంటు పోతే నాన్నని లేపాలి.
ఫ్యాన్లు ఆగితే చెరువులో రొయ్య తేలిపోద్ది కదండి."

మర్నాడు తండ్రి వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో.
ఉప్పు సంగతి నేనెత్తగానే ముఖం విప్పారింది,
తనకి వచ్చిన పాఠం పరీక్షలో పడ్డట్టు.
జేబులోంచి చిన్న గొట్టం తీసి చూపించాడు.
"ఆయ్, రోజూ రెండుపూటలా చూస్తానండి.
ఒక్క చుక్క వేసి వెలుతురు కేసి పెడితే చాలు, చెప్పేస్తాది.
నిన్న పద్దెనిమిది, ఇయ్యాల ఇరవై.
రొయ్యకి ఏ మాత్రం ఒత్తిడి తగిలినా
మేత మానేస్తదండి. ఎంటనే తెలిసిపోద్ది."

చెప్పి, ఆగాడు.
గొట్టం చేతిలోనే ఉంది.
కొడుకు కేసి చూశాడు.

"ఈడు మేత మానలేదండి."

చాలాసేపటికి, ఎవరో అడిగినట్టు,
"మా నాన్న నలభై ఆరుకి పడిపోయాడండి.
నోరు పక్కకెళ్ళిపోయింది. గాలి సోకిందన్నారు" అన్నాడు.

వచ్చే వారం ఒకసారి, ఆ పై వారం ఇంకోసారి చూడాలన్నాను.
అంతదాకా దీనికి పేరు పెట్టకూడదన్నాను.
కాకినాడ పెద్దాసుపత్రికి చీటీ రాశాను.
ప్యాకెట్లు మానిపించమన్నాను, టిన్ను నీళ్ళు కొనమన్నాను.
రాత్రిపూట ఫ్యాన్లకి ఇంకో మనిషిని పెట్టుకోమన్నాను.
ఈ ఆఖరిది అన్నప్పుడు
నా గొంతు నాకే అప్పు అడిగినట్టు వినిపించింది.

ఆయన మరేం మాట్లాడలేదు.
బురద చేతిని ప్యాంటుకి తుడుచుకుని
చొక్కా చేయి పైకి మడిచి
బల్ల మీద పెట్టాడు.

పట్టీ సరిగ్గా సరిపోయింది.

సూది ఎక్కడ ఆగిందో రిజిస్టర్లో రాశాను,
ఇక్కడ రాయను.
గాలి ఇంకా దిగుతుండగానే
ఆయనేదో అనబోయాడు.
స్టూలు మీంచి లోహిత్ ముందుకు వంగి
తండ్రి మోకాలి మీద చెయ్యేశాడు.

"మాట్లాడకు నాన్నా.
కాళ్ళు నేలకి ఆనించు."